నాచు ఇంధనం పేటెంట్లు: 2013 తర్వాత గ్రాఫ్ ఎందుకు జారింది? ఉప్పుమళ్ళ చేదు నీళ్ళతో నాచు దింపడానికి పేటెంట్ వస్తుందా?

ఋషికుల్య గట్టు (ఛత్రపురం, గంజాం జిల్లా):

పెద్దలందరికీ నమస్కారం. నాచు నుంచి ఇంధనం తీసే పద్ధతుల మీద పేటెంట్లు ఎటు పోతున్నాయో ఒక నివేదిక తయారు చేస్తున్నాం. గూగుల్ పేటెంట్స్‌లో ఆల్గే, బయోఫ్యూయల్ అని కొడితే వేలల్లో వచ్చి పడుతున్నాయి. చెరువులో నాచు చంపే మందులూ అందులోనే, రొయ్యల మేతా అందులోనే. ఏడాదివారీగా లెక్క గీస్తే 2012-13 దాకా ఎక్కి తర్వాత జారింది. ఆఖరి రెండేళ్ళయితే దాదాపు నేలకి ఆనింది. అంటే ఈ విద్య అయిపోయినట్టేనా?

రెండో సందేహం. అమెరికా కంపెనీలు తీసుకున్న పేటెంట్లు మనం ఇక్కడ వాడుకుంటే చిక్కా?

మూడోది అసలైనది. మురుగునీటిని శుద్ధి చేసే చెరువుల్లో పెరిగిన క్లోరెల్లా, సెనెడెస్మస్ అనే సూక్ష్మ నాచులని దింపడానికి (అంటే అడుగుకి చేర్చి నీళ్ళ నుంచి విడదీయడానికి) హుమ్మా ఉప్పుమళ్ళలో ఉప్పు తీశాక మిగిలే చేదు నీళ్ళు (బిటర్న్) పోసి, సున్నం కలిపి చూద్దామని ఉంది. ఉప్పునీటి నాచుకీ ఇదే పద్ధతి పెట్టాలని ఆలోచన. దీనికి పేటెంట్ వస్తుందా? మాలో ఒకరిది ఇచ్ఛాపురం. దరఖాస్తు కోల్‌కతాకా, చెన్నైకా?

వర్గసంఖ్య (బరంపురం):

ముందు మూడో ప్రశ్న గురించి ఒక్క మాట. ఇది అందరూ చదివే చోటు. ఎంత సున్నం, ఎంత చేదు నీళ్ళు, ఏ వరసలో అన్నది ఇక్కడ రాయకండి. ఇప్పటిదాకా రాసినది పైపైన ఉంది కాబట్టి సరే.

ఇక గ్రాఫ్. మాటలతో వెతికితే అలాగే ఉంటుంది. పేటెంట్ కార్యాలయాలు ఒక్కో విషయానికి ఇచ్చే వర్గసంఖ్యలతో వెతకాలి. ఎస్పాసెనెట్ (ఐరోపా పేటెంట్ కార్యాలయం వారి వెతుకుడు సైటు) అడ్వాన్స్‌డ్ సెర్చ్ తెరిచి సీపీసీ (ఆ వర్గసంఖ్యల పట్టిక) గడిలో (అక్షరాలు ఇంగ్లిష్‌లోనే కొట్టండి) ఒక గుంపు ఇది: సి12ఎన్ 1/12 (ఏకకణ నాచు, దాని పోషక ద్రావణాలు), సి12ఎమ్ 21/02 (ఫోటోబయోరియాక్టర్లు, అంటే వెలుతురులో నాచు పెంచే పాత్రలు), ఏ01జి 33/00 (నాచు సాగు). ఈ మూడింటి మధ్యా ఆర్ (ఏ ఒక్కటున్నా చాలు). రెండో గుంపు: వై02ఈ 50/10 (జీవ ఇంధనాలు), సి10ఎల్ 1/02 (ద్రవ ఇంధనాలు), సి10జి 3/00 (జీవపదార్థం నుంచి హైడ్రోకార్బన్ నూనెలు), సి12పి 7/64 (కొవ్వులు, నూనెలు). వీటి మధ్యా ఆర్. రెండు గుంపుల మధ్య ఆండ్ (రెండూ ఉండాలి). అప్పుడు నాచు మందులు చాలావరకు రాలిపోతాయి.

ఒకచోట జాగ్రత్త. సి12పి 7/64 కింద కొవ్వులన్నీ వస్తాయి. అందులో 7/6434 అంటే డీహెచ్‌ఏ, అంటే పిల్లల పాలపొడిలో కలిపే నూనె. దాన్ని తీసిపారేయకుండా విడిగా గుర్తుపెట్టుకోండి. జన్యుమార్పిడి నాచుల కోసం సి12ఎన్ 15/79, సయనోబాక్టీరియాకయితే సి12ఎన్ 15/74 విడిగా తీయండి. మురుగునీటి నాచుకి సి02ఎఫ్ 3/32. మీ పనికి అసలు దగ్గరి గది ఇదే.

లెక్కలో మూడు తప్పులు అందరూ చేస్తారు. మొదటిది, ఒకే ఆవిష్కరణ అమెరికా, ఐరోపా, చైనా, ఆస్ట్రేలియా అని ఎనిమిది చోట్ల దాఖలయితే ఎనిమిదిగా లెక్కపెట్టడం. సింపుల్ ఫ్యామిలీకి (ఒకే ఆవిష్కరణ మీద అన్ని దేశాల దాఖలాల గుంపు) ఒకటి చొప్పున లెక్కించి, దాని తొలి ప్రాధాన్య తేదీ (మొట్టమొదట దాఖలు చేసిన రోజు) ఏ ఏడాదిదో ఆ ఏడాదిలో వెయ్యండి. ప్రచురణ ఏడాది వాడితే మొత్తం బొమ్మ ఒకటిన్నర ఏడాది కుడికి జరిగిపోతుంది. రెండోది, దరఖాస్తు 18 నెలల దాకా బయటికి రాదు. మీ గ్రాఫ్ ఆఖర్న నేలకి ఆనడానికి కారణం అదే, అది నిజమైన పడిపోవడం కాదు. ఆఖరి రెండేళ్ళని చుక్కల గీతతో చూపండి. మూడోది పేర్లు. సొలజైమ్ 2016లో టెర్రావియా అయింది, 2017లో దివాలా తీస్తే ఆస్తులు కార్బియన్‌కి పోయాయి. సింథటిక్ జీనోమిక్స్ 2021లో విరిడోస్ అయింది. పెట్రోఆల్గే పారబెల్ అయింది, ఆరిజిన్‌ఆయిల్ ఆరిజిన్‌క్లియర్ అయింది. ఒకే కంపెనీని రెండుగా విడగొట్టి మొదటిది చచ్చిపోయిందని రాసిన నివేదికలు ఉన్నాయి. ఇంకో తమాషా: సీఎస్‌ఐఆర్ అని కొడితే మన దేశపుదీ వస్తుంది, దక్షిణాఫ్రికాదీ వస్తుంది. రెండూ వేరు వేరు పరిశోధనా సంస్థలు.

ఇవన్నీ సరిచేశాక కూడా 2013 ప్రాంతంలో శిఖరం ఉంటుంది, తర్వాత అమెరికా వైపు పడిపోవడమూ ఉంటుంది. అది నిజమే. కానీ చైనా విశ్వవిద్యాలయాల దాఖలాలు కలిపితే మొత్తం అంతగా పడదు. ఆ రెంటినీ ఒకే గీతలో కలపకండి, దేశాలవారీ గీతలు వేయండి. చైనాలో యుటిలిటీ మోడళ్ళు (చిన్న ఆవిష్కరణలకిచ్చే తేలికపాటి పేటెంట్లు) కూడా ఉంటాయి, వాటిలో కొత్తదనం లోతుగా పరీక్షించరు. వాటిని తీసేసి ఒకసారి, కలిపి ఒకసారి చూడండి.

సెంట్రిఫ్యూజ్ (పర్లాకిమిడి):

పై మాస్టారు లెక్క చెప్పారు, నేను ఆ లెక్క వెనకున్న కారణం చెప్తాను. పేటెంట్లు ఎందుకు పెరిగాయో ముడిచమురు ధర చూస్తే తెలుస్తుంది. 2008 జులైలో బ్యారెల్ 147 డాలర్లు తాకింది. 2016 జనవరిలో 30 కంటే దిగింది. నాచు నూనె లెక్కలన్నీ వంద డాలర్ల చమురు మీద కట్టినవి.

మొదటి అల ఇంకా పాతది. అమెరికా ప్రభుత్వం 1978 నుంచి 1996 దాకా ఆక్వాటిక్ స్పీషీస్ ప్రోగ్రామ్ నడిపింది. సుమారు 3,000 రకాల నాచులు సేకరించి వడపోసింది, న్యూమెక్సికోలోని రోజ్‌వెల్‌లో వెయ్యి చదరపు మీటర్ల చెరువులు నడిపింది. నూనె తయారీకి తాళంచెవి అనుకున్న అసిటైల్ కో-ఏ కార్బాక్సిలేజ్ అనే ఎంజైము జన్యువుని డయాటమ్ (గాజులాంటి గుల్ల ఉండే ఏకకణ నాచు) లోకి ఎక్కించారు, దాని మీద పేటెంట్లూ వచ్చాయి. ఎంజైము పెరిగింది గానీ నూనె పెరగలేదు. పేటెంట్ వచ్చిందంటే పని జరిగిందని కాదు అనడానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ ఇదే.

రెండో అల 2006 నుంచి. ఎక్సాన్‌మొబిల్ 2009లో సింథటిక్ జీనోమిక్స్‌తో కలిసింది. 2017లో నానోక్లోరాప్సిస్ గడిటానా అనే నాచులో ఒక నియంత్రక జన్యువుని తగ్గించి, ఎదుగుదల పెద్దగా దెబ్బతినకుండా కొవ్వుని 20 శాతం నుంచి 40 పైకి తీసుకెళ్ళామని ప్రచురించారు. మామూలుగా నత్రజని ఆపేస్తే కొవ్వు పెరుగుతుంది గానీ నాచు ఎదుగుదల ఆగిపోతుంది. ఆ ముడి విప్పారు కాబట్టి అది గొప్ప పనే. అయినా 2023 మొదట్లో ఎక్సాన్ డబ్బు ఆపేసిందన్న సంగతి బయటికొచ్చింది. జూల్ అనే నాచు ఇంధన కంపెనీ 2017లో మూతపడింది. సఫైర్ అనే ఇంకో కంపెనీ అదే ఏడాది అమ్ముడుపోయింది. దివాలా తీసిన సొలజైమ్ పేటెంట్లు మాత్రం కార్బియన్ చేతిలో మేతకీ ఒమేగా-3 నూనెకీ పనికొచ్చాయి. డీహెచ్‌ఏని విడిగా గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే అనుకుంటున్నాను: డబ్బు అటు పోయింది.

అసలు అడ్డం నాచు కణంలో కాదు, నీళ్ళలో ఉంది. రేస్‌వే (నీళ్ళు గుండ్రంగా తిరిగే సాగు) చెరువు 20-30 సెంటీమీటర్ల లోతు, లీటరుకి అర గ్రాము నాచు. ఒక కిలో పొడి నాచుకి 2,000 లీటర్ల నీళ్ళు తోడాలి. సెంట్రిఫ్యూజ్‌లో (గిర్రున తిప్పి నీళ్ళు విడదీసే యంత్రం) ఇరవై శాతం ముద్ద దాకా తెచ్చారనుకోండి, కిలో నాచు వెంట ఇంకా 4 కిలోల నీళ్ళుంటాయి. వాటిని ఆవిరి చేయడానికి గుప్తోష్ణమే 9 మెగాజౌళ్ళు, డ్రయ్యర్ నష్టాలు వేరు. ఆ కిలో నాచు కాలిస్తే వచ్చేది 20 చిల్లర మెగాజౌళ్ళు. ఎండబెట్టడంలోనే సగం పోయింది. అందుకే 2013 తర్వాతి పేటెంట్లలో మొదటి క్లెయిములు (దేని మీద హక్కు కోరుతున్నారో చెప్పే వాక్యాలు) చదివితే "అధిక నూనె జాతి" తగ్గి, దింపడం, తడిగానే నూనె తీయడం, హైడ్రోథర్మల్ లిక్విఫాక్షన్ ఎక్కువ కనపడతాయి. ఈ ఆఖరిది నాచు ముద్దని తడిగానే 350 డిగ్రీల సెల్సియస్, సుమారు 200 అట్మాస్ఫియర్ల పీడనంలో వండడం. అమెరికాలో పీఎన్‌ఎన్‌ఎల్ ప్రయోగశాల 2013లో ఆగకుండా నడిచే పద్ధతి చూపింది. ఎండబెట్టే ఖర్చు తప్పుతుంది గానీ, నాచు ప్రొటీన్ వల్ల ముడినూనెలో నత్రజని 4-8 శాతం దాకా ఉంటుంది. రిఫైనరీ కాటలిస్ట్‌కి అది విషం. కాబట్టి ఇప్పటి పేటెంట్లు సి10జిలోకి, నత్రజని తీసే వైపుకి జరుగుతున్నాయి.

ఇంకో దారి విమాన ఇంధనం. 2020లో బోట్రియోకాకస్ బ్రౌనీ అనే నాచు నూనె నుంచి తీసిన ఇంధనాన్ని విమాన ఇంధన ప్రమాణమైన ఏఎస్‌టీఎమ్ డి7566లో ఏడో అనుబంధంగా చేర్చారు, జపాన్ ఐహెచ్‌ఐ కంపెనీది. 10 శాతం దాకానే కలపనిస్తారు. ఆ నాచు కొవ్వు కాదు, నేరుగా హైడ్రోకార్బన్ విడుస్తుంది. ఎదుగుదల మాత్రం చాలా నెమ్మది.

పేటెంట్ ఉదాహరణలు చదివేటప్పుడు ఒక మెలిక గుర్తుంచుకోండి. "నూనె 45 శాతం" అని ఉంటే అది క్లోరోఫామ్-మిథనాల్‌తో తీసిన మొత్తం కొవ్వు బరువో, గ్యాస్ క్రొమటోగ్రఫీలో కొలిచిన మిథైల్ ఎస్టర్లో (అంటే బయోడీజిలు) చూడండి. మొదటి దాంట్లో పచ్చరంగు, స్టెరాళ్ళు, మైనాలు అన్నీ కలిసి ఉంటాయి, అవి డీజిలు కావు. అలాగే హెక్టారు లెక్కలు. చదరపు మీటరుకి రోజుకి 25 గ్రాములు ఏడాది పొడుగునా వచ్చినా హెక్టారుకి 91 టన్నుల నాచు, పావు వంతు నూనె అనుకుంటే 23 టన్నులు. రేస్‌వేలో ఏడాది పొడుగునా అంత నిలబడడమే కష్టం. వంద టన్నుల నూనె అని రాసిన పేటెంట్ ప్రయోగశాల సీసా నుంచి గుణించినదే.

ఋషికుల్య గట్టు:

ధన్యవాదాలండి. ఒక్కటి. చేదు నీళ్ళలో మెగ్నీషియం ఎక్కువ కదా, ఉప్పునీటి నాచుకి ఇంకా బాగా పనిచేయాలి కదా? నాచు దింపడానికి పటిక వాడడం మానేస్తే ముద్దలో అల్యూమినియం ఉండదని మా లెక్క.

సెంట్రిఫ్యూజ్ (పర్లాకిమిడి):

సరిగ్గా తిరగబడుతుంది. నాచు దిగేది మెగ్నీషియం హైడ్రాక్సైడ్ వల్ల, పీహెచ్ (క్షారగుణం కొలత) 10.5 దాటాక. సముద్రపు నీటిలో మెగ్నీషియం లీటరుకి 1.3 గ్రాములు ఎలాగూ ఉంది. ఉప్పుమడి నీళ్ళలో ఇంకా ఎక్కువ. పైన చేదు నీళ్ళు పోయడం గోదావరిలో బిందెడు పోయడమే. ప్రమాదం సున్నంలో ఉంది. సముద్రపు నీటిలోని మెగ్నీషియం అంతా దిగేదాకా సున్నం పోస్తే లీటరుకి 4 గ్రాముల దాకా సున్నం తాగుతుంది, 3 గ్రాముల హైడ్రాక్సైడ్ మడ్డి వస్తుంది. అందులో మీ నాచు అర గ్రాము. నాచు దింపినట్టు కాదు, సున్నపు మడ్డిలో నాచు పూసినట్టు.

మురుగునీటి నాచుకయితే ఆలోచన పనికొస్తుంది, అక్కడ మెగ్నీషియం తక్కువ. లీటరుకి 24 మిల్లీగ్రాముల మెగ్నీషియంతో మొదలుపెట్టండి. మీ చేదు నీళ్ళలో లీటరుకి 40 గ్రాములుంటే వెయ్యి లీటర్లకి 600 మిల్లీలీటర్లు చాలు. ఎంతుందో ఈడీటీఏ టైట్రేషన్‌తో కొలిచాకే పోయండి, ఉప్పుమడికీ ఉప్పుమడికీ తేడా ఉంటుంది. తర్వాత జార్ టెస్ట్. లీటరు బీకర్లు ఆరు, పీహెచ్ 10.0 నుంచి 11.0 దాకా 0.2 చొప్పున. నిమిషం వేగంగా కలిపి, పావుగంట మెల్లగా తిప్పి, అరగంట ఆపి, పైనున్న తేటలో 750 నానోమీటర్ల దగ్గర మసక కొలవండి. ఏ పీహెచ్ దగ్గర ఒక్కసారిగా తేటపడిందో దాని మీద 0.1 దాటకండి.

దిగకపోతే రెండు కారణాలు. మురుగునీటిలో బైకార్బొనేట్ ఎక్కువుంటే సున్నం ముందు దానికే పోతుంది, పీహెచ్ కదలదు. లేదా ముదిరిన నాచు విడిచిన జిగురు మెగ్నీషియాన్ని పట్టేస్తుంది. రెండోది అయితే రెండ్రోజులు ముందే దింపాలి. దింపిన ముద్దని 550 డిగ్రీల దగ్గర కాల్చి బూడిద చూడండి. బూడిద ఎక్కువుంటే ముద్దలోకి కార్బన్ డయాక్సైడ్ ఊదితే హైడ్రాక్సైడ్ కరిగి బయటికొస్తుంది. అలా వదిలేసి బయోడీజిలు కోసం నేరుగా మిథనాల్‌తో చర్యకి పెడితే స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలతో మెగ్నీషియం సబ్బు కట్టి, గ్లిజరాల్ పొర విడిపోదు.

వంశధార (గుణుపురం):

పేటెంట్ వైపు నేను చెప్తాను.

అమెరికా పేటెంట్ అమెరికాలోనే అడ్డం. అంతర్జాతీయ దరఖాస్తు అయినా తొలి తేదీ నుంచి 31 నెలల్లో భారత్‌లోకి రాకపోతే ఇక్కడ ఏమీ లేనట్టే. వచ్చినవాటిని ఇన్‌పాస్‌లో (భారత పేటెంట్ కార్యాలయం వారి వెతుకుడు సైటు) వెతికి, ఈ-రిజిస్టర్‌లో రుసుము కట్టారో లేదో చూడండి. ఇక్కడ మూడో ఏడాది నుంచి ఏటా కట్టాలి, కట్టకపోతే చెల్లిపోతుంది. గూగుల్‌లో "యాక్టివ్" అని ఉన్నది చట్టపరమైన మాట కాదు. 2007-10 మధ్య దాఖలైనవి బతికున్నా 20 ఏళ్ళ గడువు 2027-30లో తీరిపోతుంది. మీ నివేదికలో ఇది ఒక నిలువు వరసగా పెట్టండి, చదివేవారికి గ్రాఫ్ కన్నా ఇదే పనికొస్తుంది.

మీకు బాగా దగ్గరి పాత పని ఒకటుంది. సీఎస్‌ఐఆర్ వారిది (మన దేశపుదే), భావ్‌నగర్‌లోని ఉప్పు, సముద్ర రసాయనాల సంస్థ చేసినది. సహజంగా కట్టే సముద్ర నాచు తెరల నుంచీ, ఉప్పుమళ్ళలో ఆరుబయట పెంచిన నాచు నుంచీ ఇంజనుకి పనికొచ్చే మిథైల్ ఎస్టర్ తీయడం మీద. ముందు అది మొత్తం చదవండి. ఉప్పుమడిలో నాచు పెంచుతాం అన్నంతవరకు కొత్త కాదని తేలిపోతుంది.

మెగ్నీషియంతో నాచు దింపడం పాతదే. కార్బన్ డయాక్సైడ్‌తో దాన్ని కరిగించి తిరిగి వాడడమూ పాతదే. కాబట్టి "చేదు నీళ్ళతో నాచు దింపే పద్ధతి" అని క్లెయిమ్ రాస్తే పరీక్షాధికారి రెండు పాత కాగితాలు కలిపి తిప్పికొడతారు. ఊహించనిది ఏదైనా ఉంటేనే నిలుస్తుంది: ఉదాహరణకి చేదు నీళ్ళలోని వేరే లవణం వల్ల సున్నం సగానికి తగ్గింది, మామూలు మెగ్నీషియం క్లోరైడ్‌తో అలా జరగలేదు అని పక్కపక్కన అంకెలు చూపించగలిగితే. ఆ పోలిక ప్రయోగం లేకుండా దాఖలు చేయకండి. పేటెంట్ల చట్టం సెక్షన్ 3(ఈ) కింద వట్టి మిశ్రమం అనే అభ్యంతరానికీ ఆ అంకెలే జవాబు.

చెరువులో దొరికిన నాచు జాతికి పేటెంట్ రాదు, 3(సి). మార్చిన సూక్ష్మజీవికి రావచ్చు. సముద్రపు పెద్ద నాచుల దగ్గరకొస్తే 3(జె)లో మొక్క అనీ, 3(హెచ్)లో సాగు పద్ధతి అనీ రెండు వైపులా అభ్యంతరం వస్తుంది. కొత్త జాతి మీద ఆధారపడితే దాఖలు తేదీ లోపే గుర్తింపు పొందిన సూక్ష్మజీవుల భాండారంలో జమ చేయాలి. బుడాపెస్ట్ ఒప్పందం కింద మనకి చండీగఢ్, పుణె, మావ్‌లలో ఉన్నాయి. అన్నీ నాచు తీసుకోవు, ముందు రాసి అడగండి. స్కాట్లండ్‌లోని సీసీఏపీ భాండారం నాచులకి పేరున్నది గానీ, జాతిని దేశం బయటికి పంపే ముందు జీవవైవిధ్య చట్టం సంగతి తేల్చుకోవాలి. మన దేశంలో దొరికిన నాచు వాడితే దరఖాస్తు ఫారం 1లో ప్రకటించాలి. 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం భారతీయ దరఖాస్తుదారు పేటెంట్ మంజూరయ్యేలోపు చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థలో నమోదు చేసుకుంటే చాలు. వ్యాపారంలో పెట్టేటప్పుడు మాత్రం ముందస్తు అనుమతి కావాలి.

కోల్‌కతానా చెన్నైనా అంటే, దరఖాస్తులో మొదటి పేరు ఎవరిదో వారి చిరునామా. ఛత్రపురం అయితే కోల్‌కతా, ఇచ్ఛాపురం అయితే చెన్నై. అంతా ఆన్‌లైనే కాబట్టి రైలెక్కే పని లేదు, కానీ ఒకసారి పెట్టాక మారదు. వ్యక్తులకి దాఖలు రుసుము 1,600, పరీక్షకి 4,000. 30 పేజీలు దాటితే పేజీకి 160, పది క్లెయిములు దాటితే ఒక్కోదానికి 320. పరీక్ష కోరే గడువు 2024 మార్చి నుంచి 48 నెలల బదులు 31 నెలలే, పాత పుస్తకాలు నమ్మకండి. ముందు ప్రొవిజినల్ (తాత్కాలిక దరఖాస్తు) పెట్టి, 12 నెలల్లో పూర్తిది ఇవ్వొచ్చు. ప్రొవిజినల్ పెట్టేదాకా కళాశాల పోస్టరూ వద్దు, సదస్సు పత్రమూ వద్దు. విదేశాల్లో ముందు పెట్టాలంటే పేటెంట్ కార్యాలయం నుంచి సెక్షన్ 39 అనుమతి కావాలి, లేదా ఇక్కడ పెట్టి ఆరు వారాలు ఆగాలి.

కొఠారు (గంజాం):

చట్టం సరే గానీ ఉప్పుమళ్ళ సంగతి ఎవరూ అనలేదు. హుమ్మా వైపు ఉప్పుమళ్ళు ఎండాకాలం సరుకు. ఉప్పునీటి నాచుకి అక్కడ పోటీ లేకపోవడానికి కారణం ఉప్పు శాతమే. 20 సెంటీమీటర్ల మడిలో 15 శాతం ఉప్పుందనుకోండి. ఒక్క రోజు 100 మిల్లీమీటర్ల వాన పడితే నీళ్ళు ఒకటిన్నర రెట్లై ఉప్పు 10 శాతానికి దిగుతుంది. ఇంకో వానకి రోటిఫర్లు, సిలియేట్లు (నాచు తినే కంటికానని ప్రాణులు) దిగి మూడు రోజుల్లో మడి తేటపడిపోతుంది, నాచంతా వాటి కడుపులోకి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, ఆ తీరు గాలివానకి గట్లే మిగలవు. కాబట్టి ఏడాదికి 365 రోజుల దిగుబడి లెక్క మన వైపు వద్దు. జూన్ దాకా ఉప్పునీటి నాచు, వానాకాలంలో మురుగునీటి చెరువు, అని రెండు లెక్కలు విడిగా వేయండి. చేదు నీళ్ళు కూడా ఉప్పు తీసే నెలల్లోనే దొరుకుతాయి, వానాకాలానికి డ్రమ్ముల్లో నిలవ పెట్టాలి. ఇనప డ్రమ్ము వద్దు, తినేస్తుంది. నీలం ప్లాస్టిక్ డ్రమ్ములే.

ఋషికుల్య గట్టు:

ఉప్పునీటి భాగం తీసేస్తున్నాం. మురుగునీటి నాచుకి మామూలు మెగ్నీషియం క్లోరైడ్‌తో పోలిక పెట్టి, ఆరు బీకర్ల పరీక్ష ముందు చేస్తాం. మొదటి పేరు ఛత్రపురం వారిదే పెడుతున్నాం.